కాశీలో వదిలిన మక్క

నవంబర్ 3, సోమవారం, మధ్యాహ్నం 3.30

మహేందర్ కాశీ నుంచి వచ్చాడు. పది రోజులు చెఫ్ లేకుండా షాపు నడిపాను. కార్తీక మాసం కాబట్టి సరిపోయింది. సగం కొండాపూర్ ఉల్లిపాయ కూడా ముట్టని రోజుల్లో చికెన్ టాకోకి ఎవరొస్తారు? వచ్చిన నలుగురూ పనీర్ అడిగారు. ఒకాయన గ్వాకమోలీలో, అంటే అవకాడో పచ్చడిలో, వెల్లుల్లి ఉందా అని మూడుసార్లు అడిగి, చివరికి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మహేందర్ గుండు మీద క్యాప్ పెట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న ఐలయ్య పోయి నెల దాటింది. అస్థికలు గంగలో కలిపి వచ్చాడు. మనిషి చిక్కాడు. నాకు కాశీ దారం, ఒక డబ్బా పేడాలు తెచ్చాడు. పాపం అనిపించింది. అలా పది నిమిషాలు అనిపించింది.

మా హెల్పర్ మమత పెనం మీద మొదటి టోర్టియా కాల్చి ఎప్పటిలాగే అతని చేతిలో పెట్టింది. మూడేళ్లుగా మా షాపు పద్ధతి అది. మొదటి రొట్టె మహేందర్ నమలాలి. అతను ఊఁ అంటేనే షట్టర్ పూర్తిగా లేపుతాం. ఈరోజు దాన్ని కళ్లకద్దుకుని ప్లేటులో పెట్టేశాడు. కాశీల మక్క వదిలేసిన మేడం, ఇగ తిన, అన్నాడు.

తల పట్టేసింది. ఇంకేం రాయలేను.

నవంబర్ 4, మంగళవారం, ఉదయం 7

లేవగానే మళ్లీ అదే గుర్తొచ్చింది. మొక్కజొన్న రొట్టెలు చేసి బతికే మనిషి మొక్కజొన్న వదిలేశాడు.

కాశీకెళ్తే ఇష్టమైనది ఏదో ఒకటి వదిలి రావాలి. నాకూ తెలుసు. కానీ బుద్ధున్నవాళ్లు ఎలా వదులుతారు? మా అమ్మ కాకరకాయ వదిలింది. అంతకుముందు మాత్రం ఆవిడ కాకరకాయ తినగా ఎవరు చూశారు? మా చిన్నాన్న కివీ పండు వదిలాడు. అప్పటికి ప్రొద్దుటూరులో కివీ పండంటే ఎవరికీ తెలియదు. మొక్కు చెల్లింది, భోజనానికీ ఇబ్బంది లేదు.

ఇది ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఆ ఆఫీసు క్యాంటీన్‌లో మహేందర్ రొట్టెల కౌంటర్ చూసేవాడు. ఒకరోజు మక్క రొట్టెలో చికెన్ వేపుడు చుట్టి ఇచ్చాడు. అది తిని నేను ఉద్యోగం మానేశాను. కాగితాల మీద ఇద్దరం సమాన పార్ట్‌నర్లం. అయినా మేడం అనడం మానడు. షాపు పేరు టాకో తాలూకా. పేరు పెట్టింది నేనే, నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇరవై ఆరు సీట్లు. పైఅంతస్తులో మధుకర్ బార్. టెకీలా అక్కడ, టాకోలు ఇక్కడ, మధ్యలో మెట్లు. హైటెక్ సిటీలో మంచి టాకోలు ఎక్కడ అని ఎవరు లిస్టు రాసినా చివర్లోనైనా మా పేరు ఉంటుంది. ఎందుకంటే మేము ప్యాకెట్ రొట్టెలు కొనం. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, గ్రైండర్‌లో రుబ్బుతాం.

జనవరిలో ఈ బిల్డింగ్ పడగొడుతున్నారు. నానక్‌రామ్‌గూడలో ఒక టెక్ పార్క్ ఫుడ్ కోర్టులో ఒకే ఒక్క స్టాల్ ఖాళీ ఉంది. ఆరుగురం పోటీ. టేస్టింగ్ నవంబర్ 26న. అది రాకపోతే తాలూకా మూతపడుతుంది, నేను మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చోవాలి.

సున్నం ఎంత, ఉడుకు ఎంత అన్నది ఎక్కడా రాసి లేదు. ఒక్కో బస్తా ఒక్కోలా ఉంటుంది. అదంతా మహేందర్ నాలుకకే తెలుసు. ఆ నాలుకను తీసుకెళ్లి గంగలో కలిపి వచ్చాడు.

నవంబర్ 5, బుధవారం

స్టాఫ్ లంచ్‌కి గోబీ మంచూరియా తెప్పిస్తే, అందులో కార్న్‌ఫ్లోర్ ఉంటుందని మహేందర్ పెరుగన్నం తిన్నాడు. మూడేళ్లలో ఫుడ్ లైసెన్సు ఫారం ఒక్కసారి చదవని మనిషి ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్ల వెనక చదువుతున్నాడు.

నవంబర్ 6, గురువారం, సాయంత్రం 4

సాయిబాబా వారం, పైగా కార్తీకం. ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఖాళీ దొరికింది కదా అని మహేందర్‌ని కూర్చోబెట్టి లాజిక్ చెప్పాను. మొక్కజొన్న మన పంట కాదు. మెక్సికో వైపు నుంచి ఓడల్లో వచ్చింది. వేదాల్లో లేదు, పురాణాల్లో లేదు, కాశీలో సంకల్పం చెప్పిన పంతులు గారి పుస్తకంలోనూ ఉండదు. శాస్త్రంలో లేని వస్తువును శాస్త్రోక్తంగా ఎలా వదులుతావు? ఆ వదలడం చెల్లదు. టెస్ట్ కేసు రాసినంత పకడ్బందీగా చెప్పాను.

మహేందర్ అంతా విన్నాడు. అది మెక్సికోది అని మా నాయనకు తెల్వదు గద మేడం, అన్నాడు. లేచి వెళ్లి కొత్తిమీర తరుక్కున్నాడు.

ఐలయ్య జగిత్యాల దగ్గర మక్కలు పండించిన రైతు. తర్వాత ఇక్కడికొచ్చి గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ అయ్యాడు. చేతులు ఊరుకోక, పక్కనున్న ఖాళీ ప్లాటులో నాలుగు సాళ్లు మక్కలు వేశాడు. మేము షాపు తెరిచిన రోజు చేసిన మొదటి టోర్టియాలు ఆ కంకులవే. ఆయన వచ్చి ఒక టాకో తిని, రొట్టె మంచిగుంది గని కూర గింత సల్లగ పెట్టిన్రేంది, అన్నాడు. అది సాల్సా అనే పచ్చడి, చల్లగానే ఉంటుందని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆయన సంగతి ఇప్పుడెందుకు రాశానో తెలియదు. నా లాజిక్ మాత్రం కరెక్టే.

నవంబర్ 8, శనివారం

అమ్మకు ఫోన్ చేసి, కాశీలో వదిలినదాన్ని వెనక్కి తీసుకునే మార్గం ఏమైనా ఉందా అని అడిగాను. తిట్లు నాకే పడ్డాయి. వదిలినోణ్ని తినమని చెప్తాండావా, నీకేం పోయేకాలమే, అంది. నువ్వు మాత్రం ఇష్టం లేని కాకరకాయే కదా వదిలావు అన్నాను. నాకు ఇష్టం లేదని నీకెవరు చెప్పినారు, మీ నాయనకు చేదు పనికిరాదని ఇంట్లో చేయలేదు అంతే, మా అమ్మగారింటికి పోతే అదే చేయించుకుని తింటాంటిని, అంది.

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక తెలిసింది ఈ సంగతి.

నవంబర్ 10, సోమవారం, ఉదయం 10

నిన్నటి పిండి నాశనం. కొత్త బస్తా. మహేందర్ వేళ్లతో నలిపి చూశాడు, వాసన చూశాడు, రొట్టె విరిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చివరికి నన్ను తినమన్నాడు. తిన్నాను. బాగుంది అన్నాను. పదకొండు ప్లేట్లు వెనక్కొచ్చాయి. కొత్తగా సున్నం వేసిన గోడను నాకినట్టుంది అని ఒకమ్మాయి రివ్యూ పెట్టింది. గోడ ఫోటో కూడా పెట్టింది.

పొద్దున్నే పంతులు గారికి ఫోన్ చేశాను. మియాపూర్‌లో మా గృహప్రవేశం చేయించినాయన. టోర్టియా అంటే ఏమిటని అడిగారు. చెప్పాను. సున్నంలో ఉడికాక అది మొక్కజొన్న కిందికి రాదు కదండీ అని నేనే అందించాను కూడా. ఆయన ఆలోచించి, వదిలిన ఆయనకు లేని ఇబ్బంది మీకేంటమ్మా అన్నారు.

మా అమ్మా నా వైపు లేదు, పంతులు గారూ నా పార్టీ కాదు.

నవంబర్ 12, బుధవారం

కార్తీకంలోనూ తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు. పైన టెకీలా పారింది, కింద టోర్టియాలు విరిగాయి. మధుకర్ ప్యాకెట్ చిప్స్ తెప్పించుకున్నాడు.

నవంబర్ 13, గురువారం, ఉదయం 11

గొడవ పడ్డాం. గొడవ పడ్డాను అనాలి, అరిచింది నేనే. చెఫ్ నాలుక షాపు ఆస్తి అన్నాను. నమిలి ఉమ్మేయి, మింగకపోతే తిన్నట్టు కాదు కదా అన్నాను. మమత గిన్నెలు తోమడం ఆపేసింది.

మీరు గిట్లంటరనుకోలె మేడం, అన్నాడు మహేందర్. వేరేటోన్ని జూస్కోండ్రి, బాలానగర్‌ల మా బావ క్యాంటీన్ ఉంది, నేనాడికి వోత, అన్నాడు. వెళ్లు అన్నాను. ఏప్రన్ మడతపెట్టి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్లాడు. విసిరికొట్టి వెళ్లినా బాగుండేది.

సిగ్గుగా ఉంది. ఒళ్లు మండుతోంది కూడా. రెండూ ఒకేసారి.

నవంబర్ 14, శుక్రవారం, మధ్యాహ్నం 2

గోపన్‌పల్లి వెళ్లాను. ఖాళీ ప్లాటు లేదు. దాని చోట సెల్లార్ గుంత, జేసీబీ. అపార్ట్‌మెంటు వెనక వాచ్‌మన్ గదిలో ఇంకా మహేందర్ వాళ్ల అమ్మ అంజమ్మే ఉంటోంది. ఐలయ్య పని ఇప్పుడు ఆమే చూస్తోంది. మహేందర్ బాలానగర్ వెళ్లలేదు. ఆ గదిలో కింద కూర్చుని, గిన్నెలో మక్క పిండి పెట్టుకుని, కళ్లు మూసుకుని పిసుకుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చో అన్నాను. నేనూ కింద కూర్చున్నాను.

అంజమ్మ టీ ఇచ్చింది. కాశీ సంగతి ఆమే చెప్పింది. ఆమె సొరకాయ వదిలిందట. కొడుకును కూడా సొరకాయే అనమందట, గంగ ఒడ్డున నిలబెట్టి మోచేత్తో పొడిచిందట. వీడు వినలేదట. ఇష్టం లేంది వదిలితె ఇడిసినట్టు ఎట్లయితదే అవ్వ, నాయనకు ఇచ్చినట్టు ఎట్లయితది, అన్నాడట. నీళ్లల్ల నిలవడి మక్క అన్నడు బిడ్డా, నాకైతె ఇగ వీని కడుపు మీద నేనే కొట్టిన్నా అనిపిచ్చింది, అంది.

మహేందర్ పిండి పిసుకుతూనే ఉన్నాడు. గోడ మీద మేకుకు ఆకులతో జడలా అల్లిన కంకులు వేలాడుతున్నాయి. ఆరు. ఐలయ్య చివరి పంటలో విత్తనానికి దాచినవట. విత్తడానికి ఇప్పుడు చోటు లేదు.

ఉమ్మేయమన్న మాట గుర్తొచ్చి చచ్చిపోవాలనిపించింది. తప్పయింది అన్నాను. మహేందర్ పిండి గిన్నె నా వైపు జరిపాడు. మీరు టెస్టింగ్ల పన్జేసిన్రు గద మేడం, ఇగ నా నాలుకకు బదులు మీ నాలుక పెడుదం, అన్నాడు.

నవంబర్ 15, శనివారం

నా మొదటి రిపోర్టు: బాగుంది. మహేందర్ ఒప్పుకోలేదు. రెండోది: బాగాలేదు. అదీ ఒప్పుకోలేదు.

పన్నెండేళ్లు జూనియర్లు పనిచేయట్లేదు అని ఒక్క ముక్క రాసి పంపితే, ఏం నొక్కావు, ఏం రావాలి, ఏం వచ్చింది అని పీక్కు తిన్నాను. ఇప్పుడు నా పీక అతని చేతిలో ఉంది.

నవంబర్ 18, మంగళవారం, ఉదయం 9.30

తల ప్రాణం తోకకొస్తోంది. పొద్దున్నే ఒక ప్లేటులో మెంతులు, కాకరకాయ ముక్క, తమలపాకు మీద గోటితో గీసినంత సున్నం పెట్టాడు. ఏ చేదు ఏదో చెప్పమన్నాడు. చేదు చేదే కదా అన్నాను. కాదట. ఒకటి నాలుక చివర మొదలై వెనక్కి పోతుందట, ఒకటి మింగాక వస్తుందట, సున్నం అసలు చేదే కాదట, నాలుకను గుంజుతదట. మూడుసార్లు కళ్లకు గంతలు కట్టి తినిపించాడు. మమత నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

కడప కారంతో కాలిపోయిన నాలుక నాది. దానికి ఈ వయసులో ఒకటో తరగతి.

గింజ నడుమ గట్టిగున్నదా, అంచుకు గట్టిగున్నదా అంటాడు. నమిలినంక పంటికి అంటుతుందా, అంగిట్లకు అంటుతుందా అంటాడు. నేను చెప్పింది విని, పొయ్యి దగ్గరికెళ్లి సున్నం చిటికెడు తగ్గిస్తాడు. అతను తినడు, నాకు చేయడం రాదు. ఇద్దరం కలిసి ఒక్క చెఫ్.

నవంబర్ 20, గురువారం

ఈరోజు రిపోర్టు: అంచు మెత్తగా ఉంది, నడుమ రవ్వ తగులుతోంది, సున్నం గుంజడం లేదు, మింగాక కంకి మీది పచ్చి ఆకు వాసన వస్తోంది. మహేందర్ ఊఁ అన్నాడు. షట్టర్ పూర్తిగా లేపాం.

నవంబర్ 22, శనివారం, మధ్యాహ్నం 12

గురువారంతో కార్తీకం అయిపోయింది. నిన్న సాయంత్రం ఆరుకే ఊరు ఊరంతా మా మీద పడింది. నెల రోజుల ఉపవాసాన్ని ఒక్క పూటలో తీర్చుకోవాలనుకున్నారు. చికెన్ ఏడున్నరకు అయిపోయింది. ఒక టేబుల్ వాళ్లు టాకోని చెంచాతో తిన్నారు, ఇంకో టేబుల్ వాళ్లు పెరుగు పచ్చడి అడిగారు. ఏం చెప్పను.

పైకి ప్లేట్లు నేనే మోశాను. అక్కడ అరవైకి దగ్గరున్న ఒకాయన, ఇన్‌షర్ట్, నుదుట సన్నటి కుంకుమ బొట్టు, ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. మధుకర్ ఆయనకు టెకీలా ఎలా తాగాలో నేర్పుతున్నాడు. చేతి మీద ఉప్పు, నాకడం, గుటక, నిమ్మకాయ. ఆయన భక్తిగా అన్నీ చేశాడు. చేసి, ఆ తడి చేతిని తలకు రాసుకున్నాడు. తీర్థం అలవాటు. ఉప్పంతా జుట్టులో పడింది. నవ్వు ఆపుకోలేక ప్లేటు పెట్టి కిందికి పరుగెత్తాను.

ఆయన టాకో తిని, రొట్టెలో సున్నం వాసన కొంచెం ఉందండి, అని మధుకర్‌తో చెప్పి పంపాడు. నిజమే. రెండో కుండ గింజలు తొందరలో సరిగ్గా కడగలేదు. ఆ వాసన నాకు ముందే తెలిసింది, రష్‌లో వదిలేశాను. నాకు తెలియడమే నాకు ఆశ్చర్యం.

నవంబర్ 26, బుధవారం, సాయంత్రం 5

వరసగా రాస్తాను, లేకపోతే బుర్ర పేలుతుంది.

పొద్దున తొమ్మిదికి పిండి రుబ్బాం. టేస్టింగ్ పదకొండున్నరకు. మమత మొదటి రొట్టె కాల్చి, అలవాటుగా మహేందర్ వైపు చాపి, నాలుక కరుచుకుని నాకిచ్చింది. నమిలాను. మహేందర్ నా మొహం చూస్తున్నాడు.

బాగుంది అందామనుకున్నాను. టైమ్ లేదు, ట్రాఫిక్ ఉంది, అయిదుగురు పోటీవాళ్లు అక్కడ దుకాణం సర్దుకుంటూ ఉంటారు. అనలేకపోయాను. గుంజుతోంది, తమలపాకు లేకుండా సున్నం ఒక్కటే నాలుక మీద పెట్టినట్టుంది అన్నాను. మహేందర్ ఒక్క ప్రశ్న వేయలేదు. మీ నోరు తప్పేమో అనలేదు. పిండి మొత్తం తీసి పక్కన పెట్టేశాడు. జాగ్రత్తకని నానబెట్టిన రెండో కుండ గింజల్ని నాలుగు నీళ్లు కడిగాం. ముగ్గురం, పంపు కింద చేతులు పెట్టి, పొట్టు పోయేదాకా. మళ్లీ రుబ్బాం. మళ్లీ నమిలాను. ఊఁ అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ ఊఁ నేను అన్నాను.

నలభై నిమిషాలు లేటు. గేటు దగ్గర సెక్యూరిటీ పెనం చూసి పావుగంట ఆపాడు. లోపలికెళ్తే ప్యానెల్ మధ్య కుర్చీలో బొట్టు పెట్టుకున్న టెకీలా పెద్దమనిషి. పేరు పార్థసారథి, పార్క్ అడ్మిన్ హెడ్. నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు. లేటయినవాళ్లను చూడొద్దని పక్కనున్న ఆవిడ అంటే, పెనం పెట్టనివ్వండి అన్నాడు.

తిన్నారు. పార్థసారథి గారు రెండోది అడిగారు. దీన్ని ఎవరు చూసి సరే అంటారండి మీ షాపులో, అని అడిగారు. నేను మహేందర్ వైపు చూపించాను. మహేందర్ నా వైపు చూపించాడు. పక్కనున్న ఆవిడ ఏదో రాసుకుంది.

బయటికొస్తుంటే ఆయన వెనకే వచ్చి, మనం ఇంతకుముందు ఎక్కడా కలవలేదండి, అని మెల్లగా చెప్పి వెళ్లారు.

నవంబర్ 28, శుక్రవారం

మెయిల్ వచ్చింది. స్టాల్ మాదే. జనవరి నుంచి.

మమత ఏడ్చింది. నేను మధుకర్ దగ్గరికెళ్లి ఒక టెకీలా తాగాను. మహేందర్ కూడా తాగాడు. అందులో మక్క లేదని సీసా వెనక చదివి మరీ తాగాడు. ఇక వీణ్ని ఏం చేయాలి?

అయ్యాక, అడ్గాల్నా వద్దా అన్నట్టు నిలబడి, ఆదివారం మా ఇంటికి వస్తరా మేడం, ఒక పనుంది, అన్నాడు.

నవంబర్ 30, ఆదివారం, ఉదయం 11

గోపన్‌పల్లి. గోడ మీద ఇప్పుడు అయిదే కంకులు. ఒకటి ఒలిచారు, అంజమ్మ రుబ్బింది, ఒకే ఒక్క రొట్టె అయింది. మహేందర్ కాల్చాడు. నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుని, తినుకుంట చెప్పుండ్రి మేడం, అని కళ్లు మూసుకున్నాడు.

మొదట అంచు గురించి చెప్పాను. తర్వాత నడుమ. తర్వాత ఆకు వాసన. కొంచెం తీపి ఉంది, చివర్లో వస్తోంది, తొందరపడకు అన్నాను.

నేను నమిలాను. మహేందర్ మింగాడు.